లవం ఉంది, హారం ఏది? ఒక ఆసుపత్రి బులెటిన్ మీద లెక్కల మాస్టారి రివ్యూ

"ఆసుపత్రికి రివ్యూ రాస్తారు, డాక్టరుకి రాస్తారు, ఆసుపత్రి అచ్చేసే వార్తల పత్రికకి రివ్యూ రాసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా?" అంది మా ఆవిడ. ఎవరూ రాయలేదు కాబట్టే నేను రాస్తున్నాను. పదకొండు నెలల్లో పదకొండు సంచికలు, ముఖచిత్రం నుంచి చివరి అట్ట దాకా చదివాను. అచ్చుతప్పులు దిద్దేవారు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరని ఆ అచ్చుతప్పులే చెబుతున్నాయి.

ఆసుపత్రి పేరు రాయను. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రి. ఒకటి కాదు, ఐదు ఆసుపత్రులూ ఒక మెడికల్ కాలేజీ ఒకే యాజమాన్యం కింద ఉంటాయి. వాళ్ల బులెటిన్ నెలకోసారి వస్తుంది. 12 పేజీలు, నున్నటి కాగితం, అన్నీ రంగులే. రిజిస్ట్రేషన్ హాల్లోనూ ఓపీ గదుల బయటా దొంతర్లుగా పెడతారు. ఫోన్ నంబరు ఇస్తే పీడీఎఫ్ కూడా పంపుతారు. పేషెంట్లూ, వాళ్ల వెంట వచ్చినవాళ్లూ చదవాలనే అది వేస్తున్నామని రెండో పేజీలో రాసుకున్నారు. కాబట్టి పాఠకుడిగా మార్కులు వేసే హక్కు నాకుంది. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఎర్ర సిరా పెన్ను జేబులోంచి ఇంకా పోలేదు.

నేను ఇన్ని సంచికలు చదవడానికి కారణం మా ఆవిడ గుండె. చిన్నప్పుడు గొంతునొప్పి వెనకాలే రుమాటిక్ జ్వరం వచ్చిందట. కీళ్లు వాచాయి, తగ్గాయి, అందరూ మర్చిపోయారు. గుండెలో మైట్రల్ కవాటం మాత్రం మర్చిపోలేదు. ఏళ్ల తరబడి గట్టిపడుతూ, ఇరుకవుతూ వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు. వయసు మీద పడుతోంది అనుకున్నాం. ఇద్దరం అలాగే అనుకున్నాం గానీ ఇప్పుడు తల్చుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. చికిత్స తేదీ కోసం తిరిగిన ఆ పదకొండు నెలల్లో బెంచీ మీద కూర్చుని చదవడానికి చేతికి దొరికింది ఆ బులెటినే.

ముందు పైపై సంగతులు. ఫోటోలు బాగుంటాయి, మరీ ఎక్కువ ఉంటాయి. ప్రతి ఫోటోలో పచ్చ గౌన్ల వాళ్లు వరసగా నిలబడి ఉంటారు, మధ్యలో ఒక యంత్రం. నాలుగో సంచికలో ఒక ఫోటోలో 14 మంది ఉన్నారు, కింద 11 పేర్లే ఉన్నాయి. ఆ ముగ్గురూ ఎవరో! చీపురు పట్టుకుని అంచున నిలబడినావిడ వాళ్లలో ఒకరు, అది మాత్రం ఫోటోలోనే తెలుస్తోంది. భాష సంగతికొస్తే పేషెంటు కోసం రాసిన వాక్యంలో "పెర్క్యుటేనియస్" అన్న మాట ఏ వివరణా లేకుండా దిగింది. కోత లేకుండా చర్మంలోంచి సూదితో దారి చేసుకుని లోపలికి వెళ్లడం అని దాని అర్థం. ఆ ముక్క రాయడానికి ఒక లైను చాలు. అక్షరాలు చిన్నవి, లేత బూడిద రంగు. ఓపీ బయట కూర్చునేవాళ్లలో సగం మందికి కళ్లజోళ్లు ఉంటాయని లేఅవుట్ చేసినవాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఇక అసలు విషయం, వార్తలు. మొదటి మూడు పేజీలూ ఎప్పుడూ విజయాలే. తొలిసారి రోబోతో కిడ్నీ ఆపరేషన్, తొలిసారి ఫలానా అవయవ మార్పిడి, తొలిసారి ఫలానా యంత్రం. ఇవన్నీ తక్కువ పనులని నేను అనను. అయితే పదకొండు సంచికల్లో "తొలిసారి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో అలవాటుకొద్దీ లెక్కపెట్టాను, 47 సార్లు. "రెండోసారి" ఒక్కసారీ రాలేదు. ఆ తొలి పేషెంటు ఆర్నెల్ల తర్వాత ఎలా ఉన్నాడన్న వార్త కూడా ఒక్కటీ లేదు.

నా గొడవ ఇక్కడే. "వంద ఆపరేషన్లు విజయవంతం" అని ముఖచిత్రం మీద వేశారు. క్లాసులో పిల్లవాడు ఇలా రాస్తే నేను అర మార్కు వేసి, పక్కన "హారం ఏది?" అని రాసేవాణ్ణి. వంద ఎంతమందిలో? ఎన్నాళ్లలో? విజయవంతం అంటే టేబుల్ మీంచి దిగడమా, ఇంటికి వెళ్లడమా, ఏడాది బతకడమా? వంద మందికి జరిగితే ఎంతమంది వరసలో మిగిలారు? లవం ఒక్కటే ఇచ్చి భిన్నం అంటే కుదరదు కదా.

తొలి ఆపరేషన్ అంటే ఏమిటో తెలియాలంటే కేప్‌టౌన్‌లోని గ్రూట్ స్కూర్ ఆసుపత్రి కథ చూడాలి. అదీ ప్రభుత్వ బోధనాసుపత్రే. 1967 డిసెంబరు 3న క్రిస్టియాన్ బర్నార్డ్ బృందం అక్కడ ప్రపంచంలో తొలిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చింది. పేషెంటు లూయీ వాష్‌కాన్‌స్కీ 18 రోజులు బతికి న్యుమోనియాతో పోయాడు. నెల తిరిగేసరికి అక్కడే గుండె మార్పిడి చేయించుకున్న ఫిలిప్ బ్లైబెర్గ్ ఏడాదిన్నర పైగా బతికాడు. ఆ ఉత్సాహంలో 1968లో లోకమంతా పోటీ పడి గుండె మార్పిడులు చేశారు, చాలామంది పేషెంట్లు త్వరగానే పోయారు, చాలా ఆసుపత్రులు ఆ పనే మానేశాయి. 1980ల మొదట్లో శరీరం కొత్త అవయవాన్ని తోసిపుచ్చకుండా అణచిపెట్టే సైక్లోస్పోరిన్ మందు వచ్చాకే అది నిలదొక్కుకుంది. ఆ మధ్య పన్నెండు, పదమూడేళ్లు ఎవరి ముఖచిత్రం మీదా లేవు. అసలు పని జరిగింది ఆ ఏళ్లలోనే.

ఇలాంటి ఆసుపత్రులు తమ అపజయాన్ని కూడా వార్తగా చెప్పగలవు. పారిస్ ప్రభుత్వ ఆసుపత్రుల సముదాయం చాలా పెద్దది, అందులో 38 ఆసుపత్రులు. వాటిలో ఒకటైన నెకెర్ పిల్లల ఆసుపత్రిలో అలేన్ ఫిషర్, మరీనా కవజానా బృందం, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పసివాళ్లకు జన్యుచికిత్స చేసి, ఫలితాన్ని 2000లో ప్రకటించింది. పిల్లలు బుడగలాంటి గదుల్లోంచి బయటికొచ్చి ఇళ్లకు వెళ్లారు. అంతకంటే పెద్ద "తొలిసారి" ఏముంటుంది! రెండేళ్లకు ఆ పిల్లల్లో ఒకరికి, తర్వాత మరికొందరికి లుకేమియా వచ్చింది. చికిత్స కోసం పంపిన జన్యువు వెళ్లి కూర్చోకూడని చోట కూర్చోవడమే కారణం. ఆ సంగతినీ ఆ బృందమే లోకానికి చెప్పింది, ప్రయోగం ఆపింది. తర్వాత వచ్చిన జన్యుచికిత్సలు జన్యువును మోసుకెళ్లే వాహకాన్ని మార్చుకున్నది ఆ పాఠం వల్లే. మా బులెటిన్‌లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికాను.

ఉంది. తొమ్మిదో పేజీలో అడుగున అరచేయంత పెట్టె, "ఈ నెల మేం నేర్చుకున్నది" అని. మూడో సంచికలో ఆ పెట్టెలో రాసింది ఇది: ఒక వార్డులో రెండు ఇంజెక్షన్ సీసాలు ఒకే సైజు, ఒకే రంగు మూతతో పక్కపక్కన ఉండేవి. ఒక రాత్రి డ్యూటీలో నర్సు తప్పు సీసా తీసింది, సిరంజిలోకి ఎక్కించే ముందు లేబుల్ పైకి చదివే అలవాటు ఉండటం వల్ల ఆగింది. ఎవరికీ హాని జరగలేదు. మర్నాడే ఆ రెండింటినీ వేరు వేరు అరల్లోకి మార్చారు. అంతే, నాలుగు వాక్యాలు. నర్సు పేరు లేదు, తిట్టూ లేదు, పొగడ్తా లేదు. నేను ఆ పెట్టె పక్కన ఎర్ర సిరాతో పదికి పది వేశాను. మా ఆవిడకి చూపిస్తే, "అమ్మో, అంటే ఇక్కడ సీసాలు తారుమారు అవుతాయా?" అని టెన్షన్ పడింది. అవి ఎక్కడైనా తారుమారు అవుతాయి, వీళ్లు చెబుతున్నారు అంతే తేడా అన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. అదీ న్యాయమే, పడుకోబోయేది ఆమె, నేను కాదు.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కోడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. ప్రతి పేషెంటునూ ఏడాది తర్వాత మళ్లీ చూసి, బాగయ్యాడా లేదా, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో ఒక కార్డు మీద రాయాలన్నది ఆయన పట్టుదల. పెద్ద ఆసుపత్రిలో తోటి డాక్టర్లకు అది నచ్చలేదు. ఆయన సొంతంగా చిన్న ఆసుపత్రి నడిపి, 1911 నుంచి 1916 వరకు డిశ్చార్జ్ అయిన 337 మందిలో 123 తప్పులు జరిగాయని తనే అచ్చేసి పంచాడు. హారం, లవం రెండూ! లెక్కల మాస్టారు ఇంకేం కోరతాడు? మా బులెటిన్ వాళ్లలో ఎవరో ఆయన చెప్పినట్టు చేస్తున్నారని సంబరపడ్డాను. ఆరో సంచిక తర్వాత ఆ పెట్టె మాయమైంది. దాని స్థానంలో అవార్డు అందుకుంటున్న ఫోటో వచ్చింది.

అప్పుడు ఉత్తరం రాశాను. రెండు పేజీలు. రెండు విషయాలు అడిగాను. ఒకటి, ఆ పెట్టె ఎందుకు తీసేశారు? రెండోది, ఏ విభాగంలో ఎన్ని వారాలు వేచి ఉండాలో ఎందుకు వెయ్యరు? అప్పటికే మా ఆవిడ తేదీ రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఎమర్జెన్సీ కేసు వచ్చింది, ఎవరు మాత్రం కాదంటారు. రెండోసారి కారణం ఎవరూ చెప్పలేదు. కౌంటర్లో "ఫోన్ చేస్తాం సార్" అన్నారు, చేయలేదు. నేనే వెళ్లి కనుక్కుంటే, వెయిటింగ్ లిస్టు పాత రిజిస్టర్లోంచి కంప్యూటర్లోకి మార్చేటప్పుడు మా ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు పడిందని తేలింది. ఒక్క అంకె! అది తేలేసరికి ఆరు వారాలు పోయాయి. అదే నెల బులెటిన్ నాలుగో పేజీలో "పూర్తి డిజిటలైజేషన్ సాధించాం" అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఉత్తరానికి నెల తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు వింటే పాతికేళ్ల అమ్మాయి. కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తోందట, డ్యూటీ అయ్యాక ఈ బులెటిన్ పని కూడా ఆమే చూస్తుందట. "సార్, ఆ పెట్టె నేనే మొదలుపెట్టాను" అంది. ఎవరు తీసేశారో చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. "వెయిటింగ్ టైమ్ గురించి అడిగి చూస్తాను సార్, ప్రామిస్ చేయలేను" అంది. అప్పటిదాకా బులెటిన్ మీద నాకున్న కోపంలో సగం ఆ ఫోన్‌తోనే పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, రివ్యూకి పనికొస్తుందని.

రీసెర్చ్ పేజీ గురించి రెండు మాటలు. పత్రికల పేర్లు, పేపర్ల శీర్షికలు తప్ప అందులో ఏమీ ఉండదు. మాకు తెలియాల్సింది "దీనివల్ల వార్డులో ఏం మారుతుంది?" అన్నది. 2020లో బ్రిటన్‌లోని చాలా ప్రభుత్వ ఆసుపత్రులు కలిసి చేసిన రికవరీ ట్రయల్ గుర్తుందా? డెక్సామెథసోన్ అనే పాత మందు, ఎక్కడైనా దొరికేది. వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ పేషెంట్లలో మరణాలను అది మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదోవంతు తగ్గించిందని మార్చిలో మొదలుపెట్టి జూన్ మధ్యకల్లా చెప్పగలిగారు. కొత్త యంత్రం లేదు, ఫోటోకి నిలబడే రోబో లేదు. మామూలు వార్డుల్లోని వేల మందిని రెండు గుంపులు చేసి, ఓపిగ్గా లెక్కపెట్టారు. ఆపరేషన్ చెక్‌లిస్టు కూడా అంతే. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, గది వదిలేముందు పైకి చదివే 19 అంశాల కాగితం. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితాల్లో మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, ఆపరేషన్ తర్వాతి చిక్కులు 11 నుంచి 7కి తగ్గాయి. ఇలాంటివి మా ఐదు ఆసుపత్రుల్లోనూ జరుగుతూనే ఉంటాయి. ఎవరూ ఫోటో తియ్యరు.

బోధన గురించి బులెటిన్‌లో వచ్చేది పట్టాల పంపకం, ర్యాంకులు. నేను చూసిన బోధన వేరు.

మా ఆవిడ వార్డులో చేరిన రెండో రోజు పొద్దున రౌండ్స్‌కి ప్రొఫెసర్ గారు, వెనక ఏడుగురు స్టూడెంట్లు వచ్చారు. ప్రొఫెసర్ ముందు ఆమెనే అడిగారు, "అమ్మా, వీళ్లు మీ గుండె చప్పుడు వింటే మీకేమైనా ఇబ్బందా? వద్దంటే వద్దు." ఆమె సరేనంది. ఆమెను ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. స్టెతస్కోపును గంటలా ఉండే వైపుకి తిప్పి, గుండె కొసన మెల్లగా ఆనించి వినమన్నారు. గట్టిగా నొక్కితే ఆ శబ్దం పోతుందట, దూరంగా బండి దొర్లుతున్నట్టు ఉండే సన్నటి గురగుర. మొదటి నలుగురూ తలూపారు. ఐదో కుర్రాడు చెవులు రిక్కించి విని, "సార్, నాకేం వినిపించలేదు" అన్నాడు. ప్రొఫెసర్ కోప్పడలేదు. "నిజం చెప్పావు, మళ్లీ విను" అని అతని చెయ్యి పట్టుకుని రెండు వేళ్ల దూరం జరిపారు. కుర్రాడి మొహం వెలిగిపోయింది. నలుగురు తలూపినవాళ్లలో నిజంగా ఎంతమంది విన్నారో అని నాకు అనుమానం, ముప్పై రెండేళ్ల అనుభవం మరి.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ అంది, "నా గుండె ఊరందరికీ వినిపించింది, పక్కన ఉన్న మీకే ఇన్నేళ్లూ వినిపించలేదు." దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ స్టెతస్కోపు పుట్టింది కూడా ఇందాక చెప్పిన నెకెర్ ఆసుపత్రిలోనే. 1816లో అక్కడి డాక్టరు రెనే లేనెక్ కాగితాలు గొట్టంలా చుట్టి పేషెంటు గుండెకి ఆనించి విన్నాడు. బోధన వల్ల ఎప్పుడూ మేలే జరిగిందనీ అనుకోకూడదు. వియన్నా జనరల్ హాస్పిటల్లో 1846లో మెడికల్ స్టూడెంట్లు కాన్పులు చేసిన విభాగంలో తల్లుల మరణాలు నూటికి 11 పైన, మంత్రసానులు నేర్చుకునే విభాగంలో 3 లోపు. స్టూడెంట్లు శవాలు కోసి, ఆ చేతులతోనే వార్డులోకి వచ్చేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1847లో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాక, మర్నాటి ఏడాదికల్లా 11 కాస్తా సుమారు 1.3 అయింది. రెండు విభాగాల హారాలు పక్కపక్కన పెట్టి చూశాడు కాబట్టే ఆయనకి తేడా కనిపించింది. మా వార్డులో ఆ ఏడుగురూ మంచం దగ్గరికి వచ్చేముందు, వెళ్లేటప్పుడు చేతులకి మందు రాసుకున్నారో లేదో నేను గమనించాను. ఆరుగురు రాసుకున్నారు. ఏడో అమ్మాయికి నేను సీసా చూపిస్తే "సారీ అంకుల్" అని రాసుకుంది.

కవాటం ఇంకా మరీ గట్టిపడలేదు, గొంతులోంచి చేసిన ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, రక్తం గడ్డలేమీ కనిపించలేదు, కాబట్టి ఛాతీ కోయనక్కర్లేదన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపి, కవాటం దగ్గర ఉబ్బించి, అతుక్కున్న రెక్కల్ని విడదీస్తారు. జపాన్ సర్జన్ కాంజీ ఇనౌఎ 1980ల మొదట్లో చేసి చూపించిన పద్ధతి అది. అప్పుడు అదీ ఎవరి బులెటిన్‌లోనో "తొలిసారి" అయ్యే ఉంటుంది. మా ఆవిడ వంతు వచ్చేసరికి అది మంగళవారం మధ్యాహ్నం పని. గంటన్నర పట్టింది. బయటికొచ్చిన డాక్టరు మాస్క్ కిందికి లాగి, "బాగా తెరుచుకుందండీ" అని రెండు మాటలు చెప్పి తర్వాతి కేసుకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆమె దిండు ఒక్కటే పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. దగ్గు రాలేదు. నేనే నిద్రపోలేదు, దగ్గు కోసం ఎదురుచూస్తూ.

కాబట్టి మార్కులు. చికిత్సకి నేను మార్కులు వెయ్యను, అది నా సబ్జెక్టు కాదు. వరస నడిపే పద్ధతికి పదికి మూడు, ఆ మూడూ చివరికి తప్పు ఒప్పుకున్న క్లర్కుకి. వార్డు నర్సులకి తొమ్మిది. బులెటిన్‌కి పదికి ఐదు. తొమ్మిదో పేజీ పెట్టె తిరిగొస్తే ఏడు చేస్తాను, వేచి ఉండాల్సిన వారాలు కూడా వేస్తే ఎనిమిది. అక్షరాలు పెద్దవి చేస్తే ఇంకో అర.

మేం డిశ్చార్జ్ అయ్యాక వచ్చిన సంచిక ఫోన్లో చూశాను. పెట్టె రాలేదు. చివరి పేజీలో మాత్రం చిన్న పట్టిక ఉంది, అది కొత్తది. కార్డియాలజీ ఒక్కదానికే, ఆ నెలలో జరిగిన ప్రొసీజర్లు, పక్కన వరసలో ఉన్నవాళ్లు. లేత బూడిద రంగు అక్షరాలే, అయినా రెండు గడులు! మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వచ్చి, "ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది. మొదటి గడిలో ఒకట్ల స్థానం మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కాసేపు దాన్ని చూసి, రెండో గడి మీద తన వేలు పెట్టి, "మొన్నటిదాకా ఇక్కడున్నానన్నమాట" అంది.